దేవుడు పెళ్ళికొడుకైతే

మా చంపాపేటలో పెళ్ళి ముహూర్తాలు ఎప్పుడున్నాయో తెలుసుకోవడానికి పంచాంగం తియ్యనక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి కూరల సంచీ పుచ్చుకుని మెయిన్ రోడ్డు మీదికి వస్తే చాలు. ఇక్కణ్ణుంచి కర్మన్‌ఘాట్ దాకా ఎక్కడ చూసినా ఫంక్షన్ హాళ్ళే. మంచిరోజులు వచ్చాయంటే దీపాల తోరణాలు, బ్యాండు మేళం, గుర్రం మీద బిక్కుబిక్కుమంటూ పెళ్ళికొడుకు, ఆ వెనక వరసగా ఆగిపోయిన ఆటోలు. ఇంత సందడికీ కాస్త ఎడంగా కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి, ఆజన్మ బ్రహ్మచారి, ప్రశాంతంగా కొలువై ఉంటాడు. ఇన్ని పెళ్ళిళ్ళు చూస్తూ ఆయన ఏమనుకుంటాడో అని నాకెప్పుడూ ఓ సందేహం.

మొన్న చలికాలంలో మా పక్కింటి టీచరుగారి అమ్మాయి పెళ్ళి జరిగింది. వాళ్ళు క్రైస్తవులు. పెళ్ళి చర్చిలో, భోజనాలు ఫంక్షన్ హాల్లో. పెళ్ళికూతురు తెల్లని పట్టుచీరలో మల్లెమొగ్గలా ఉంది. ఉంగరాలూ మార్చుకున్నారు, చిన్న సిలువ గుర్తున్న తాళీ కట్టించారు. "రెండూ ఎందుకండీ?" అంటే టీచరుగారు నవ్వి, "ఉంగరం మతానికి, తాళి మా అత్తగారికి" అంది.

నా పక్కన మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ కూర్చుంది. పెళ్ళికూతురి తెల్ల జాకెట్టు ఆవిడ కుట్టిందే. ఆవిడా ఆ చర్చికే వెళుతుంది. పాస్టరుగారు పెద్ద పుస్తకం తెరిచి, క్రైస్తవ వివాహాల్లో తరచుగా వినిపించే ఆ భాగం చదివారు. పౌలు ఎఫెసు పట్టణపు సంఘానికి రాసిన ఉత్తరంలోది. క్రీస్తు పెళ్ళికొడుకు, విశ్వాసుల సంఘం పెళ్ళికూతురు, భార్య భర్తకు లోబడాలి, భర్త తన ప్రాణమిచ్చి భార్యని ప్రేమించాలి, ఇదీ సారాంశం. లోబడాలి అన్న మాట రాగానే మా వెనక వరసలో ఒకాయన భార్యని మోచేత్తో పొడిచి, "విన్నావుగా!" అన్నాడు. ప్రాణమివ్వాలి అన్న మాట వచ్చేటప్పటికి ఆయన వాచీ చూసుకుంటున్నాడు.

భోజనాల దగ్గర జాకెట్లావిడ నా పక్కనే కూర్చుని, అప్పడం విరుస్తూ మెల్లిగా అడిగింది.

"అక్కా, దేవుడు మొగడసుంటోడని పుస్తకంల చదివిండ్రు. మొగడు దేవుడసుంటోడని ఇంట్ల జెప్తరు. రెండు ఒక్కటేనా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నవలలు రాస్తానన్న పేరే గాని, ఇంత సూటి ప్రశ్న నాకు నేనుగా ఎప్పుడూ వేసుకోలేదు.

ఆవిడ సంగతి మా వీధంతటికీ తెలుసు. నాలుగేళ్ళ క్రితం మొగుడు ఇంకో మనిషితో వెళ్ళిపోయాడు. ఈవిడ రాత్రింబవళ్ళు మిషను తొక్కి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. పోయిన ఏడాది వానాకాలంలో అతను ఉత్త చేతులతో తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఈవిడ తలుపు తీసింది. అంతే, వీధి వీధంతా తలో మాటా అంది. నేనూ అన్నాను, దాచుకోవడం ఎందుకు? "సిగ్గుండక్కర్లా!" అని మా వారితో అన్నాను.

"మొన్న చర్చిల హోషేయ కథ జెప్పిండ్రు అక్కా. ఇల్లిడిసి పోయిన పెండ్లాన్ని ఎదురు బోయి తెచ్చుకున్నడంట. అందరు కండ్ల నీళ్ళు బెట్టుకున్నరు. హోషేయ జేస్తె ప్రేమ అన్నరు. గదే పని నేను జేస్తె గతిలేక అన్నరు."

నేను మాట్లాడలేదు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నానుగా.

ఆ రాత్రి పుస్తకాల బీరువా వెతికి, కాలేజీ రోజుల్లో ఎవరో పంచితే తీసుకున్న బైబిలు బయటికి తీశాను. హోషేయ గ్రంథం పెద్దదేం కాదు, పద్నాలుగు అధ్యాయాలు. ఆయన క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో ఇశ్రాయేలు ఉత్తర రాజ్యంలో ఉన్న ప్రవక్త. ఆయన భార్య గోమెరు. ఆమె నిలకడ లేని మనిషి. పిల్లలకి పెట్టిన పేర్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కూతురి పేరుకి అర్థం జాలి పొందనిది అని. చిన్నవాడి పేరుకి అర్థం నా జనం కారు అని. ఇంటి పరువు పోయిన సంగతి పిల్లల్ని పిలిచినప్పుడల్లా వీధికి వినబడాలన్నమాట. భార్య పరాయివాళ్ళ పాలవుతుంది. మూడో అధ్యాయంలో పేరు చెప్పలేదు గాని, ఆమెనే హోషేయ తిరిగి కొని తెచ్చుకున్నాడని చాలామంది పండితుల అభిప్రాయం. ధర ఎంత? పదిహేను తులాల వెండి, కొంత యవల ధాన్యం. అదే బైబిల్లో ఇంకోచోట, ఎద్దు పొడిచి బానిస చనిపోతే కట్టాల్సిన పరిహారం ముప్పై తులాలని ఉంది. సగం వెండి, మిగతాది గింజలు! చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినట్టే అనిపించింది నాకు.

ఆ ఇంటి కథ ద్వారా ప్రవక్త చెప్పదలచుకున్నది దేవుడి కథ. ఇశ్రాయేలు ప్రజలు బయలు అనే దేవత వెంట పోయారు. వానలూ పంటలూ ఆయనే ఇస్తాడని నమ్మారు. వాళ్ళని పెళ్ళాడిన దేవుడు అవమానం దిగమింగి, మళ్ళీ రమ్మని పిలుస్తున్నాడు. హోషేయ మొదలు పెట్టిన ఈ పోలికని యిర్మీయా, యెహెజ్కేలు, యెషయా గ్రంథాలు అందుకున్నాయి. యేసు తనని తాను పెళ్ళికొడుకుతో పోల్చుకున్నాడు. బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలో కొత్త యెరూషలేము పెళ్ళికూతురిలా ముస్తాబై దిగి వస్తుంది. ఆదాము అవ్వల జంటతో మొదలైన గ్రంథం పెళ్ళితో ముగుస్తుంది. మన పాత సినిమాల్లాగే అనుకోండి, కాకపోతే మధ్యలో కష్టాలు వేల ఏళ్ళు.

ఈ పోలిక మనకేమీ కొత్త కాదు. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి రంగనాథుణ్ణే వరించింది. ఆ కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగు చేశాడు. ఇప్పటికీ భోగినాడు మన వైష్ణవాలయాల్లో గోదాకల్యాణం జరుగుతుంది. 1408లో పుట్టిన తాళ్ళపాక అన్నమాచార్యులు మీసమున్న మగవాడై ఉండీ అలమేలుమంగ మనసులో దూరి శృంగార సంకీర్తనలు రాశాడు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడదేశం నుంచి మన శ్రీశైలం దాకా నడిచొచ్చి మల్లికార్జునుడే తన భర్త అంది. రాజు కౌశికుణ్ణి కాదని వచ్చేసిందని ఆవిడ కథ చెబుతారు. ఇది కాస్త ఆలోచించవలసిన విషయం. దేవుడు భర్త అయ్యాక ఆ మహాతల్లికి లోకంలోని భర్తకి తల వంచవలసిన అవసరం లేకపోయింది. పోలిక ఒకటే, ఒక ఆడదానికి అది సంకెల అయింది, ఇంకొక ఆడదానికి తాళంచెవి అయింది.

మనకీ వాళ్ళకీ రెండు తేడాలు కనిపించాయి నాకు. మన గోదా, అక్కమహాదేవి ఒంటరి భక్తురాళ్ళు. బైబిల్లో పెళ్ళికూతురు ఒక మనిషి కాదు, ఒక జాతి, ఒక సంఘం, అందులో గడ్డాలు నెరిసిన ముసలాళ్ళూ ఉన్నారు. తర్వాతి కాలపు సాధువులు దాన్ని ఒక్కొక్క ఆత్మకీ అన్వయించుకున్నారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో బెర్నార్డ్ అనే సన్యాసి సొలొమోను పరమగీతం మీద 86 ప్రసంగాలు రాశాడు, మూడో అధ్యాయం మొదట్లోనే ఉండగా పోయాడు. పెళ్ళే ఎరగని మనిషికి పెళ్ళి గురించి అంత చెప్పాలనిపించిందంటే ఆ పోలికలో ఎంత బలముందో చూడండి!

రెండో తేడా ఇంకా పెద్దది. మన కీర్తనల్లో విరహం ఎక్కువగా నాయికది. స్వామి రాడు, ఆమె వేగిపోతుంది. హోషేయలో విరహం దేవుడిది. తలుపు తీసి పెట్టుకుని, అన్నం చల్లారిపోతుంటే గుమ్మంలో కూర్చున్నది ఆయన. అంటే, మన ఇళ్ళల్లో తరతరాలుగా ఆడది చేస్తున్న పని అక్కడ దేవుడు చేస్తున్నాడు.

ఇక అసలు సంగతి. ఆ గ్రంథం రెండో అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. చదివి చప్పున పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. ఒక రోజు వస్తుంది, ఆ రోజు నువ్వు నన్ను బాలీ అని పిలవవు, ఇషీ అని పిలుస్తావు అని దేవుడు అంటున్నట్టు భావం. హీబ్రూలో బఆల్ అంటే యజమాని, సొంతదారు. ఆ దేవత పేరూ అదే, భర్త అనడానికీ అదే మాట. ఈనాటి హీబ్రూలో కూడా భర్తకి వాడుక మాట అదే. ఇష్ అంటే మనిషి, మగడు. బాలీ అంటే నా యజమాని. ఇషీ అంటే నా మనిషి. ఆ విగ్రహం పేరు నోట రాకూడదన్నది ఒక కారణం, నిజమే. అయినా ఇల్లు నడిపే ఆడదాని చెవికి అందులో ఇంకొకటి కూడా వినబడుతుంది. సాక్షాత్తూ దేవుడే నన్ను యజమానీ అనకు, నా మనిషీ అను అని అడుగుతున్నాడు.

మన భాషలోనూ ఈ గొడవ లేకపోలేదు. పతి అంటే ఏలిక. నాథుడు అంటే ప్రభువు. భర్త అంటే భరించేవాడు (ఎవరు ఎవర్ని భరిస్తున్నారన్నది ఇంటింటికీ మారుతుంది లెండి). కాని మనం నోరారా అనే మాటలేమిటి? "మా ఆయన", "మా వారు". హైదరాబాదులో మా జాకెట్లావిడైనా, గుంటూరులో మా అమ్మమ్మ అయినా ఏలిక అనలేదు. నా మనిషి అనే అన్నారు. పెద్దల పుస్తకాలు యజమాని అంటుండగా ఆడవాళ్ళ నాలుక ఏనాడో ఇషీ అన్నదన్నమాట.

జాకెట్లావిడ ప్రశ్నకి ఇప్పుడు జవాబు దొరికినట్టే ఉంది. నేను బి.ఏ. చదివేటప్పుడు మా తెలుగు మేడం ఉపమాలంకారం చెబుతూ ఉపమానం వేరు, ఉపమేయం వేరు అని బల్ల గుద్ది చెప్పేది. ముఖం చంద్రుడిలా ఉంది అన్నామనుకోండి. చంద్రుడు ముఖాన్ని తెలియజెప్పడానికి వచ్చాడు. అంతమాత్రాన చంద్రుడొచ్చి "నీ ముఖం మీద నాకు హక్కుంది" అంటే ఒప్పుకుంటామా? దేవుడు భర్తలాంటివాడు అన్నప్పుడు తెలియజెప్పవలసినవాడు దేవుడు. భర్త అన్నది, మనకి తెలిసిన అనుబంధాల్లో గాఢమైనది కనక, అరువు తెచ్చుకున్న మాట. అరువిచ్చినంత మాత్రాన ఇచ్చినవాడు దేవుడైపోడు. ఆ పోలికని బొర్లించి భర్త దేవుడిలాంటివాడు అంటే అది వేరే వాక్యం. మొదటిది దేవుణ్ణి మన గుమ్మంలోకి దించుతుంది. రెండోది ఒక మనిషిని పీట మీద ఎక్కిస్తుంది.

చిత్రమేమిటంటే, పౌలుకి ఈ ప్రమాదం తెలిసినట్టే ఉంది. ఆ ఉత్తరంలో భార్యలకి చెప్పింది మూడు వచనాలు. భర్తలకి చెప్పింది దానికి రెట్టింపు. వాటన్నిటికీ ముందు, మీరు ఒకరికొకరు లోబడి ఉండండి అని అందరికీ కలిపి ఒక మాట ఉంది. చివర్లో ఆయనే ఆగి, ఇది పెద్ద మర్మం, నేను మాట్లాడుతున్నది క్రీస్తునీ సంఘాన్నీ గురించి అన్న భావంతో సర్దుకుంటాడు. మన పెళ్ళిళ్ళలో ఆడపిల్ల తండ్రి అల్లుడి కాళ్ళు కడుగుతాడు, వరుడు విష్ణుస్వరూపం కనక. వధువూ లక్ష్మీస్వరూపమే. పెళ్ళినాడు ఇద్దరూ దేవుళ్ళే, మర్నాటికి ఒక్కడే మిగులుతాడు. యోహాను సువార్తలోని పెళ్ళికొడుకు చివరి భోజనం నాడు తనే నడుముకి తువ్వాలు చుట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, శిష్యుల కాళ్ళు కడిగాడు. భర్తలు దేవుడితో పోలిక కావాలంటే ఆ తువ్వాలు కూడా తీసుకోవాలి.

ఈ పోలికలో అన్నీ తేనె చుక్కలే అని నేను చెప్పను. అదే హోషేయ రెండో అధ్యాయంలో, యెహెజ్కేలు 16, 23 అధ్యాయాల్లో, తప్పు చేసిన భార్యని నలుగురిలో నిలబెట్టి బట్టలూడ్చి అవమానించే మాటలున్నాయి. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. కొట్టి, తర్వాత బుజ్జగించే మగవాళ్ళని చూసిన ఏ ఆడదైనా అక్కడ ఆగిపోతుంది. అమెరికాలో రెనిటా వీమ్స్ అనే నల్లజాతి విదుషీమణి 1995లో బ్యాటర్డ్ లవ్ అనే పుస్తకంలో ఈ సంగతే నిలదీసింది. పోలిక చేసే మేలెంతో, అది మనకి తెలియకుండా అలవాటు చేసే కీడూ అంతే. దేవుడి కోపానికి వాడిన బొమ్మని మగవాడి కోపానికి అనుమతిపత్రం చేసుకున్నవాళ్ళు ఏ మతంలో లేరు?

చట్టం సంగతీ చూడండి. మన దేశంలో క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. దాని ప్రకారం భార్య తప్పుదారి పట్టిందంటే భర్తకి ఆ ఒక్క కారణం చాలు. భర్త తప్పుదారి పట్టాడంటే భార్యకి అదొక్కటి చాలదు, దానితో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో, అలాంటిదే ఇంకేదో రుజువు చెయ్యాలి. 2001లో సవరించేదాకా, 132 ఏళ్ళు ఇదే తూకం. ఆదివారం నాడు తప్పు చేసిన భార్యని క్షమించిన హోషేయ కథ విని, సోమవారం నాడు ఈ చట్టంతో కోర్టుకి వెళ్ళారు మనుషులు. కథలో క్షమించినవాడు మగవాడు. చట్టంలో క్షమించి తీరవలసింది ఆడది.

మూడు రోజుల తర్వాత కుట్టడానికిచ్చిన జాకెట్లు తెచ్చుకోవడానికి ఆవిడ ఇంటికి వెళ్ళాను. వీధి వైపు చిన్న గది, వాకిట్లో తులసి, గోడకి సిలువ బొమ్మ క్యాలెండరు. నేను చదివిందంతా చెప్పాను. బాలీ, ఇషీ అన్న మాటలు చెబితే మిషను ఆపి రెండుసార్లు పలికి చూసుకుంది. చివరికి ధైర్యం చేసి, "నువ్వు ఎందుకు తలుపు తీశావమ్మా? నిజం చెప్పు" అన్నాను.

"గతిలేక గాదక్కా. నాకు మిషన్ ఉన్నది. కిరాయి నేనే కడుతున్న. తియ్యకపోతె నన్ను అడిగెటోడు లేడు. అందుకే తీసిన." కాసేపాగి అంది, "ఊకె తియ్యలే. ఆరు నెలలు బయట వసారాల పండుకోబెట్టిన. తాగొద్దన్న, ఇంటికి కిరాయిల సగం పెట్టమన్న. నేను గూడ మాట మీద ఉంట, నువ్వు గూడ ఉండు అన్న."

నేను ఇంటికొచ్చి మళ్ళీ పుస్తకం తీశాను. మూడో అధ్యాయం, మూడో వచనం. భార్యని తెచ్చుకున్నాక హోషేయ కూడా సరిగ్గా అదే చేశాడు. చాలా రోజులు ఊరకే నా ఇంట ఉండు, ఇంకొకరి దానివి కావద్దు, నేనూ నీ పట్ల అలాగే ఉంటాను అని. ఆ పుస్తకం అంత నిశితంగా ఆవిడ చదివిందో లేదో నాకు తెలియదు. చదవకపోయినా, గాయపడినవాళ్ళు క్షమించేటప్పుడు దారి అదేనేమో.

"అందుకే తీసిన" అన్న ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కాదనగలిగినవాళ్ళు ఔనంటేనే అది క్షమ. కాదనే వీల్లేనివాళ్ళ చేత ఔననిపిస్తే అది లొంగుబాటు. దేవుణ్ణి భర్తతో పోల్చిన పెద్దలు గొప్పగా చెప్పింది ఇదేనని నాకు తోస్తుంది. వదిలెయ్యగలిగి ఉండీ వదలనివాడు ఆయన. అలాంటి ప్రేమని, పుట్టింటికి పోలేక, చేతిలో పైసా లేక, పిల్లల ముఖం చూసి పడి ఉన్న ఆడదాని దగ్గర్నుంచి ఉపదేశాలతో రాబట్టాలనుకుంటే అది దేవుడి బొమ్మ గీసినట్టు కాదు. ఆ బొమ్మకి మసి పూసినట్టు. ముందు ఆమె చేతికి ఒక మిషను ఇవ్వాలి. తలుపు తియ్యాలో వద్దో తర్వాత ఆమె చూసుకుంటుంది.

ఇదంతా చెప్పి, మీ ఇంటికొచ్చి మీ ఆయన్ని దేవుడి కుర్చీలోంచి దింపండని నేను అనను. అది మీకూ ఆయనకీ మధ్య విషయం. దిగితే మటుకు ఆయనకే హాయి. దేవుడుగా ఉండటం మాటలు కాదు, కాళ్ళు కడగాలి, ప్రాణమివ్వాలి, గుమ్మంలో కాచుకోవాలి. మనిషిగా ఉండటమే సుళువు.

అన్నట్టు, జాకెట్లు కట్టిస్తూ ఆవిడ గది లోపలికి కేక వేసింది. "ఆ ఆకుపచ్చ దానికి హుక్కులు అయినయా?" అని. లోపల్నుంచి ఒక మగమనిషి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, చేతిలో సూదీ దారం పట్టుకుని, "రెండే ఉన్నయ్, కూసో మను" అన్నాడు.

నేను కూర్చున్నాను.